కబురు అందకపోతే పోయినట్లేనా?

(కార్తీక వనభోజనాల సందర్భంగా హంసలదీవిలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే వేణుగోపాలస్వామి దర్శనం చేసుకున్నాం. సాగర సంగమం దాకా వెళ్ళి కాళ్ళు తడుపుకుని వచ్చాం. అందరూ ఆకలి మీదున్నారు. అవతల పులిహోర తాలింపు వాసన వస్తోంది. ఇటువంటి వేళ కంప్యూటర్ల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. దానికి కారణం లేకపోలేదు. ఇది లైఫ్ సర్టిఫికెట్ల నెల. వేలిముద్ర వేయబోతే "సర్వర్ డౌన్, రేపు రండి" అని తిప్పి పంపారని మన సభ్యులు ముగ్గురు నలుగురు చెప్పారు. వారిలో ఒకరు నన్ను పట్టుకుని, "ఏమండీ, మీరు ఎక్స్ఛేంజిలో పనిచేసినవారు కదా, ఇంత పెద్ద వ్యవస్థలో ఒక యంత్రం పోతే అందుకోవడానికి ఇంకొకటి పెట్టుకోరా?" అని నిలదీశారు.

పెట్టుకుంటారు. రెండోది దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఉండి కూడా పని ఎందుకు ఆగుతుందో చెప్పడానికే నిలబడ్డాను. నాకు తెలిసింది కొంత సర్వీసులో నేర్చుకున్నది, కొంత హైదరాబాదులో ఈ పనే చేస్తున్న మా మనవరాలు విసుక్కోకుండా చెప్పినది.

సర్వరు అంటే అడిగినవారికి అడిగిన కాగితం తీసి ఇచ్చే కంప్యూటరు. మన రికార్డు రూములో గుమాస్తా లాంటిది. ఒక్క గుమాస్తానే నమ్ముకుంటే ఆయన సెలవు పెట్టిన రోజు ఆఫీసు మూతపడుతుంది. అందుకని రెండు మూడు యంత్రాలను జట్టుగా కడతారు. దాన్ని క్లస్టర్ అంటారు. బయటివారికి మాత్రం ఒకే చిరునామా తెలుస్తుంది. ఆ ఉమ్మడి చిరునామాను ఒక సమయంలో ఒక యంత్రమే పట్టుకుని ఉంటుంది. అది పడిపోతే రెండోది అందుకుని, "ఇకమీదట ఈ చిరునామా నాది" అని చుట్టుపక్కల దండోరా వేస్తుంది. ఈ చేతులు మారడాన్ని ఫెయిలోవర్ అంటారు. ఎడ్లబండికి మూడో ఎద్దును వెనక కట్టుకుని పోవడమన్నమాట. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది.

చిక్కు ఎక్కడంటే, మొదటిది పోయిందని రెండోదానికి ఎవరు చెప్పాలి? పోయినది తానే వచ్చి "నేను పోయాను" అని చెప్పలేదు కదా. కాబట్టి బతికి ఉన్నంతసేపు "ఉన్నాను, ఉన్నాను" అని సెకనుకొకసారి కబురు పెడుతూ ఉండాలి. దీన్ని వారు హార్ట్‌బీట్ అంటారు, గుండె చప్పుడు. ఆ చప్పుడు వినిపించకపోతే పోయిందని లెక్క. కానీ చప్పుడు వినిపించకపోవడానికి రెండు కారణాలుండవచ్చు. గుండె ఆగి ఉండవచ్చు. లేదా మధ్యలో తీగ తెగి ఉండవచ్చు. అవతల నిలబడినవాడికి ఈ రెండూ ఒకేలా ఉంటాయి.

ఈ మాట హంసలదీవిలో నిలబడి చెబుతున్నాను గనక ఒక సంగతి చెప్పక తప్పదు.

1977 నవంబరు 19, శనివారం. నాకప్పటికి సర్వీసు నిండా రెండేళ్ళు లేదు. డెల్టాలోనే ఒక ఊళ్ళో ట్రంకు బోర్డు మీద డ్యూటీ. పొద్దుటి నుంచే గాలి. మధ్యాహ్నం దాటాక దివిసీమ వైపు లైన్లు ఒక్కొక్కటే పడిపోతూ వచ్చాయి. రింగు ఇస్తాం, అవతల ఎవరూ తీయరు. మళ్ళీ ఇస్తాం. పొద్దుపోయేసరికి ఆ వైపు బోర్డంతా మూగపోయింది. లాగ్ పుస్తకంలో "లైన్లు ఫాల్టు" అని వ్రాశాం. తీగలు తెగడం మాకు కొత్తేమీ కాదు. గాలి తగ్గాక లైన్‌మెన్ సైకిళ్ళ మీద పోయి అతుకు వేసి వస్తారు. టెలిగ్రాఫు ఉంది కదా అంటారేమో, ఆ తీగా ఈ తీగా మాకు ఒకే స్తంభాల వరుస మీద పోయేవి. స్తంభం ఒరిగితే రెండూ కలిసే నేల మీద పడేవి. రెండు దారులున్నాయని కాగితం మీద వ్రాసుకున్నాం గాని, నిజానికి మాకున్నది ఒక్కటే దారి.

ఆ రాత్రి మా బోర్డుకు అవతల ఊళ్ళున్నాయో లేవో తెలియదు. తెలిసే మార్గం లేదు. తీగ తెగినా అదే నిశ్శబ్దం, ఊరు పోయినా అదే నిశ్శబ్దం. మేము తీగ తెగిందనే అనుకున్నాం. అటు చూస్తే ఇక్కడికి దాపునే ఉన్న పాలకాయతిప్ప, ఆ పక్క నాగాయలంక వైపు సొర్లగొంది లాంటి పల్లెల మీద సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడింది. అధికార లెక్కల్లోనే మరణాలు పదివేల ప్రాంతం. మనలో ఆ లెక్కలో బంధువులు లేనివారు తక్కువ. దాన్ని గురించి ఇంకా చెప్పను.

మా అక్కయ్యను కోడూరు అవతల ఒక పల్లెలో ఇచ్చారు. గుడివాడలో మా నాన్నగారికి మూడు రోజులు ఏ కబురూ లేదు. నాలుగో రోజు నుంచి ఆ వైపు నుంచి వచ్చినవారు చెప్పిన మాటలు విన్నాక ఆయన ఆశ వదులుకున్నారు. ఐదో రోజు పురోహితుడి గారింటికి వెళ్ళి చేయవలసినవి అడిగి వచ్చారు. అమ్మ ఏమీ అనలేదు. ఆరో రోజు సాయంకాలం అక్కయ్య ఇద్దరు పిల్లలతో గుమ్మంలోకి వచ్చింది. ఒక మిద్దె ఇంటి పైకెక్కి బతికారట. అక్కడి నుంచి బురదలో అవనిగడ్డ దాకా నడిచి, ఏదో సహాయం లారీలో చల్లపల్లి చేరి, అంచెలంచెలుగా ఇల్లు చేరారు. బావగారు పిల్లల మేనత్తను వెదకడానికి అక్కడే ఉండిపోయారు. నాన్నగారు, "ఒక్క కబురైనా పెట్టలేకపోయావా తల్లీ?" అన్నారు. "ఎవరితో పెట్టను నాన్నా?" అంది అక్కయ్య.

మా నాన్నగారు తొందరపడ్డారని నేననను. ఎంతకాలం ఎదురు చూడాలో ఆయనకెవరు చెబుతారు? మా బోర్డు మీద మేము చేసిన పొరపాటు దానికి సరిగ్గా తలకిందులైనది. పోయినవారిని ఉన్నారనుకున్నాం. ఆయన ఉన్నవారిని పోయారనుకున్నారు. ఈనాటి యంత్రాలను జట్టు కట్టేవారి తలనొప్పంతా ఈ రెండు పొరపాట్ల మధ్యనే ఉంది. అందులో గడువు అన్న అంకె ఒకటి వేసుకోవాలి. తక్కువ వేస్తే బతికున్నదానికి తద్దినం పెట్టినట్టు. ఎక్కువ వేస్తే ప్రజలంతసేపు మూసిన కిటికీ ముందు నిలబడినట్టు.

ఇది చేతో చేసి చూస్తేగాని తెలియదని మా ఇంట్లో మూలపడ్డ పాత కంప్యూటర్లు రెండింటికి దుమ్ము దులిపాను. మనవరాలు ఫోనులో చెబుతూ ఉంటే వాటిలో లినక్సు వేసి, కీపలైవ్‌డీ అనే ఉచిత ప్రోగ్రాము ఎక్కించాను. మన సంఘ సభ్యుల జాబితాను రెండింటిలోనూ పెట్టాను. ఇది వీఆర్‌ఆర్‌పీ అనే పద్ధతి మీద నడుస్తుంది. దాని ప్రమాణం 1998 నాటిది. రెండింటికీ పెద్దరికం అంకెలు ఇవ్వాలి. మొదటిదానికి 110, రెండోదానికి 100 ఇచ్చాను. పెద్ద అంకె ఉన్నది చిరునామా పట్టుకుని సెకనుకొకసారి "ఉన్నాను" అంటూ ఉంటుంది. రెండోది ఊరికే వింటూ ఉంటుంది. వరుసగా మూడు కబుర్లు తప్పిపోయి, ఆపైన మరికొంత ఆగాక అది అందుకుంటుంది. ఆ "మరికొంత" ఎంతంటే, 256లోంచి దాని పెద్దరికం అంకె తీసేసి 256తో భాగించగా వచ్చినన్ని సెకన్లు. నా రెండోదానికి 156ను 256తో భాగిస్తే 0.6 వచ్చింది. మొత్తం 3.6 సెకన్లన్నమాట. అంకె తక్కువైన యంత్రం కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది కాబట్టి జట్టులో చాలా యంత్రాలున్నా ఒకేసారి ఎగబడకుండా వరుసలో అందుకుంటాయి. ఇది పెట్టినవాడెవరో గాని ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాడై ఉండాలి.

మొదటిదాని కరెంటు వైరు పీకాను. మూడున్నర సెకన్లు దాటి నాలుగు కాకముందే రెండోది అందుకుంది. మా ఆవిడను పిలిచి చూపించాను. ఆవిడ, "పీకిన వైరు మళ్ళీ పెట్టండి, ఫ్రిజ్ కూడా దాని మీదే ఉంది" అంది.

తరువాత మనవరాలు, "తాతయ్యా, ఈసారి వైరు ముట్టుకోకు. లోపల వెబ్ సర్వరు ప్రోగ్రామును మాత్రం ఆపెయ్యి" అంది. ఆపాను. నిమిషమైంది, రెండు నిమిషాలైంది, రెండోది కదలలేదు. ఎందుకంటే మొదటిది సెకనుకొకసారి ఠంచనుగా "ఉన్నాను" అంటూనే ఉంది. ఉంది, పని మాత్రం చేయడం లేదు. కుర్చీ వెనక కోటు వేలాడుతూ ఉంటే అయ్యగారు సీటులో ఉన్నట్టే అనుకునే ఆఫీసులు మనం చూడలేదూ! అందుకని గుండె చప్పుడు వింటే చాలదు, పని అడిగి చూడాలి. రెండు సెకన్లకొకసారి ఒక పేజీ అడుగు, మూడుసార్లు వరుసగా ఇవ్వకపోతే దాని పెద్దరికంలోంచి 20 తగ్గించు, అని ఒక పరీక్ష వ్రాయించింది. 110 కాస్తా 90 అయింది. 100 ఉన్నది అందుకుంది. మన సభ్యులు చూసిన "సర్వర్ డౌన్"లలో ఇటువంటివి ఎన్ని ఉంటాయో. యంత్రానికేమీ కాలేదు, దీపాలు వెలుగుతూనే ఉంటాయి, పని అడిగి చూసే పరీక్ష పెట్టినవారు లేరు.

అసలు దెబ్బ ఆ మర్నాడు తగిలింది. భద్రత కోసమని రెండు కంప్యూటర్లలోనూ ఫైర్‌వాల్ వేశాను. అది గుమ్మం దగ్గర కాపలావాడు లాంటిది. ఈ "ఉన్నాను" అనే కబురు 112వ నెంబరు ప్రోటోకాలు మీద వస్తుందని, దాన్ని లోపలికి రానివ్వమని కాపలావాడికి చెప్పాలని నాకు తెలియదు. వాడు కబురు ఆపేశాడు. రెండోది నాలుగు సెకన్లు చూసి, పెద్దది పోయిందనుకుని చిరునామా అందుకుంది. పెద్దది పోలేదు. అదీ పట్టుకునే ఉంది. మా ఆవిడ ఫోనులో ఒక జాబితా, నా ఫోనులో ఇంకొక జాబితా. నేను ఒక సభ్యుడి కొత్త ఫోను నెంబరు వ్రాస్తే అది ఒకదానిలోకి పోయింది. మా ఆవిడ ఇంకొకరి చిరునామా మారిస్తే అది రెండోదానిలోకి పోయింది. దీన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఒక యంత్రం పోవడం కంటే ఇది చెడ్డది. పోతే పని ఆగుతుంది, అంతే. ఇద్దరు కరణాలు ఒకే ఊరికి రెండు దస్తరాలు వ్రాయడం మొదలుపెడితే, ఆ తరువాత ఏది నిజమో దేవుడు కూడా తేల్చలేడు.

మీకిది బాగా తెలిసిన సంగతేనని చెబితే ఆశ్చర్యపడతారేమో. మన లైఫ్ సర్టిఫికెట్టే ఒక గుండె చప్పుడు. యంత్రం సెకనుకొకసారి చెప్పేదాన్ని మనం ఏడాదికొకసారి చెబుతాం. చెప్పకపోతే పింఛను ఆగుతుంది. మీరు ఆరోగ్యంగా కూర్చుని కాఫీ తాగుతూ ఉండవచ్చు, కాగితానికి దానితో పని లేదు. ఇక ఫామిలీ పెన్షను ఏమిటి? ఫెయిలోవరే. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి. కానీ లైఫ్ సర్టిఫికెట్టు రాలేదు గదా అని మర్నాడే ఫామిలీ పెన్షను మొదలుపెడుతున్నారా? లేదు. ఆ పింఛను ఆపుతారు, ఈ పింఛను మొదలుపెట్టరు. డెత్ సర్టిఫికెట్టు తెచ్చి చూపిస్తేగాని రెండో చేయి కదలదు. ఆ కాగితం కోసం తిరిగే తిప్పలు మనలో చాలామందికి తెలుసు, ఆ రోజుల్లో అది ఎంత బాధో కూడా తెలుసు. అయినా ఆ నియమం ఎందుకు ఉందో ఈ రెండు కంప్యూటర్లను చూశాకనే నాకు తలకెక్కింది. కబురు రాకపోవడం సాక్ష్యం కాదు. సాక్ష్యం వేరే కావాలి.

పెద్ద క్లస్టర్లలో సరిగ్గా ఇదే చేస్తారు. పేస్‌మేకర్ అనే ప్రోగ్రాము ఉంది. మనలో కొందరి గుండెల్లో ఉన్న వస్తువు పేరే దానిదీ. దానిలో స్టోనిత్ అనే ఏర్పాటు ఉంటుంది. ఆ పేరుకు అర్థం అవతలి యంత్రాన్ని తలలో కాల్చెయ్యమని! కటువుగా ఉంది గాని, పని మాత్రం సవ్యమైనది. అవతలి యంత్రం పలకకపోతే, దాని పని అందుకునే ముందు దాని కరెంటు స్విచ్చి దూరం నుంచి కట్టెయ్యాలి. కట్టేసినట్టు రూఢి అయ్యాకనే అందుకోవాలి. అంటే డెత్ సర్టిఫికెట్టు తానే పుట్టించుకుంటుందన్నమాట. ఈ ఏర్పాటు చేయకుండా పేస్‌మేకర్ పని మొదలుపెట్టనని మొరాయిస్తుంది. అప్పుడు చాలామంది తొందరలో ఏం చేస్తారంటే ఆ ఏర్పాటునే రద్దు చేస్తారు. "మొదట చేసే తప్పు అదే తాతయ్యా, తెల్లవారుజామున మూడింటికి ఏడిచేదీ దానికే" అంది మా మనవరాలు.

రెండోది కోరం. ఇది మీకు నేను చెప్పనక్కరలేదు, మన సర్వసభ్య సమావేశాలు ఎన్ని వాయిదా పడ్డాయో కార్యదర్శి గారినడగండి. జట్టులో సగం కంటే ఎక్కువ మంది ఒకవైపు ఉంటేనే ఆ వైపు పని సాగాలి. ఇద్దరే ఉంటే, విడిపోయినప్పుడు ఒక్కొక్కరూ సరిగ్గా సగం. ఎవరికీ కోరం లేదు. అందుకని ముగ్గురుండాలి, లేదా పనిచేయకపోయినా ఓటు మాత్రం వేసే మూడో సాక్షి ఉండాలి. కోరం లేనివారు ఏం చేయాలన్న దానికి పేస్‌మేకర్‌లో మనమేమీ మార్చకపోతే ఉండే సమాధానం, చేస్తున్న పని ఆపెయ్యమని. కాబట్టి అయ్యా, "సర్వర్ డౌన్" అన్నప్పుడల్లా యంత్రం చెడిపోయిందనుకోకండి. కొన్నిసార్లు అది తెలిసి తెలిసి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఇద్దరికీ పింఛను వ్రాయడం కంటే ఆ పూట ఎవరికీ వ్రాయకపోవడం నయమని.

ప్రపంచంలో పెద్దవాళ్ళకే ఇది తప్పలేదు. గిట్‌హబ్ అని, దేశదేశాల ప్రోగ్రాము వ్రాసేవారు తమ పని దాచుకునే చోటు. 2018 అక్టోబరు 21న వారు అమెరికా తూర్పు తీరంలో చెడిపోతున్న ఒక పరికరాన్ని మారుస్తుండగా లింకు 43 సెకన్లు తెగింది. అంతే, 43 సెకన్లు! వారి ఏర్పాటు తెలివైనదే. తూర్పు తీరం పలకడం లేదని చూసి, అధికారాన్ని పడమటి తీరంలోని యంత్రాలకిచ్చింది. కానీ తెగకముందు కొద్ది సెకన్లలో తూర్పున వ్రాసుకున్నవి కొన్ని పడమటికి ఇంకా చేరలేదు. లింకు తిరిగి వచ్చేసరికి పడమట కొత్తవి వ్రాయడం మొదలైంది. రెండు దస్తరాలయ్యాయి. వాటిని సరిచేసుకుని పూర్తిగా కోలుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. తొందరపడి తెరవడం కంటే ఎవరి వ్రాత పోకుండా చూడడమే ముఖ్యమని వారు నిర్ణయించుకున్నారు. తరువాత జరిగిందంతా తామే వివరంగా వ్రాసి ప్రకటించారు. మన ఆఫీసుల్లో ఫాల్టు రిపోర్టు ఒక్కటైనా అంత నిజాయితీగా వ్రాశామా అని నాకు సిగ్గు వేసింది.

సిగ్గు అన్నాను గనక నాదొకటి చెప్పాలి. 1990లలో మన పల్లెలకు సీ-డాట్ వారి 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీలు వచ్చాయి, గుర్తుందా? ఫ్రిజ్ అంత ఉండేది. ఏసీ గది అక్కరలేదు. అందులో నడిపించే కార్డులు రెండు జతలు. ఒక జత పనిలో ఉంటే ఒక జత సిద్ధంగా ఉండేది. పనిలో ఉన్నది పోతే రెండోది అందుకునేది. అంటే ఈ క్లస్టరు విద్య మనవాళ్ళు అప్పుడే పల్లెలో పెట్టారు. నేను చూసే ఒక ఎక్స్ఛేంజిలో సిద్ధంగా ఉన్న జత చెడిపోయింది. చెడినట్టు బజరు మోగింది. పనిలో ఉన్నది బాగానే నడుస్తోంది కదా, ఊళ్ళో ఎవరికీ ఇబ్బంది లేదు. కార్డు కోసం ఇండెంటు పెట్టాను. బజరు మోత భరించలేక దాని నోరు నొక్కేశాను. ఇండెంటు సంగతి మరచిపోయాను. కొన్ని నెలలకు ఒక శుక్రవారం సాయంత్రం పనిలో ఉన్న జతా పోయింది. ఆదివారం మధ్యాహ్నం దాకా ఆ ఊరికి ఎవరి కబురూ రాలేదు, ఎవరి కబురూ పోలేదు. రిపోర్టులో "రెండు కార్డులూ ఒకేసారి చెడినవి" అని వ్రాశాను. ఒకేసారి చెడలేదు. ఇన్నేళ్ళకు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

అందుకే మా మనవరాలి ఆఫీసులో మూడు నెలలకొకసారి, బాగా నడుస్తున్న యంత్రాన్ని పట్టపగలు కావాలని ఆపేస్తారట. నాకు మొదట పిచ్చిపని అనిపించింది. తుఫాను షెల్టరు కట్టించి తాళం వేశాక, ఆ తాళంచెవి ఎవరింట్లో ఉందో గాలి లేని రోజున వెదుక్కోవడం లాంటిదని తరువాత తోచింది.

ఇంకొక అమరిక చెప్పి ముగిస్తాను. మొదటి యంత్రం బాగుపడి తిరిగి వచ్చాక దాని పదవి దానికి వెంటనే ఇచ్చెయ్యాలా? కీపలైవ్‌డీలో మనమేమీ చెప్పకపోతే ఇచ్చేస్తుంది, పెద్దరికం అంకె ఎక్కువ గదా. అది సగం జ్వరంతో లేచి వచ్చినదైతే, అందుకుంటుంది, పడిపోతుంది, మళ్ళీ అందుకుంటుంది. ప్రతిసారీ ప్రజలకు నాలుగు సెకన్ల ఆటంకం. తుఫాను కన్ను సంగతి ఈ సీమలో పిల్లలకైనా తెలుసు. గాలి ఠక్కున ఆగుతుంది, ఆకాశం తేటపడుతుంది, అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. కాసేపటికి గాలి ఎదుటి దిక్కు నుంచి కొడుతుంది. అందుకని "నోప్రీయెంప్ట్" అనే మాట వ్రాసి, రెండింటినీ మొదట ఉపయంత్రాలుగానే ప్రకటించాలి. అప్పుడు పట్టుకున్నది పడిపోయేదాకా అదే పట్టుకుంటుంది. పెద్దది తిరిగి వచ్చినా పక్కన కూర్చుంటుంది. పదవీ విరమణ చేసినవారు ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నట్టు, అని మా మనవరాలే అంది. నేననలేదు.

రెండు దారులు ఒకే స్తంభాల మీద ఉండకూడదన్న సంగతి మన ప్రభుత్వాలు 1977 తరువాత గ్రహించాయి. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తుఫాను హెచ్చరిక నేరుగా తీరప్రాంతపు ఆఫీసుల్లో సైరను మోగించి వినిపించే ఏర్పాటు వచ్చింది. దానికి మన తీగలతో పని లేదు. షెల్టర్లు, రోడ్లు వచ్చాయి. 1990 మే 9న ఇంచుమించు అదే స్థాయి తుఫాను మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. లక్షల మందిని ముందే కదిలించారు. 967 మంది పోయారు. అది తక్కువ సంఖ్య అనడానికి నోరు రాదు, 1977 లెక్క పక్కన పెట్టి చూడవలసిందే. బ్యాంకులవారు ఈనాడు తమ లెక్కల నకలును వేరే రాష్ట్రంలో, వేరే భూకంప మండలంలో ఉంచుకోవడం కూడా ఇదే బుద్ధి.

మన పనికి వస్తే, లైఫ్ సర్టిఫికెట్టుకు కూడా ఇప్పుడు ఒకటే దారి కాదు. జీవన్ ప్రమాణ్ 2014లో వేలిముద్రలతో మొదలైంది. 2020 నుంచి పోస్ట్‌మన్ ఇంటికి వచ్చి చేస్తున్నారు. 2021 నుంచి ఫోనులో ముఖం చూపించి కూడా పంపవచ్చు. వేలిముద్రలు అరిగిపోయినవారు ఆ దారి చూడండి. నెలాఖరు దాకా ఆగకండి, ఆఖరు రోజున అన్ని దారులూ ఒకే సర్వరు దగ్గరికి చేరి తోసుకుంటాయి.

కోశాధికారి గారి దగ్గర ఒక ఫారం ఉంది. ఒక్కొక్క సభ్యుడు రెండు ఫోను నెంబర్లు వ్రాసి ఇవ్వాలి. క్రిందటేడు ఇచ్చిన ఫారాల్లో చాలామంది తమదీ, తమ భార్యదీ వ్రాశారు. రెండు ఫోన్లూ ఒకే ఇంట్లో, ఒకే చార్జరు మీద ఉంటాయి. రెండో నెంబరు వేరే ఊళ్ళో ఉన్నవారిది వ్రాయండి. మీ నుంచి కబురు లేకపోతే వారినడుగుతాం. వారూ పలకకపోతే దగ్గరలో ఉన్న సభ్యుడు మీ గుమ్మం దాకా వచ్చి చూస్తాడు. చూడకుండా సంఘం పుస్తకంలో ఏమీ వ్రాయకూడదని మన కార్యవర్గం తీర్మానించింది.

అక్కయ్య మూడో వరుసలో కూర్చుంది. ఇందాకటి నుంచి చేయి ఊపుతోంది, నేను చెప్పినదానిలో ఏదో తప్పు పట్టినట్టుంది. భోజనాల దగ్గర ఆవిడనే అడగండి. విస్తళ్ళు వేశారంటున్నారు. సెలవు.